సగానికి కోసిన మాట

ఈరమ్మ మాటను సగానికి కోసింది నేనే. ఈ కథ ఎవరికి చెప్పినా అక్కడి నుంచే మొదలుపెడతాను. యూనివర్సిటీ విద్యార్థులు అడిగినప్పుడూ అలాగే చెప్పాను, గోపన్‌పల్లి అడ్డా మీద కూలీలు అడిగినప్పుడూ అలాగే చెప్పాను. అది దాచుకుంటే మిగతాది చెప్పే హక్కు నాకు ఉండదు.

2011 సెప్టెంబర్. సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సులు డిపోల్లో నిలబడిపోయాయి. బడులు మూతబడ్డాయి. బొగ్గుబావుల్లో కార్మికులు పని ఆపేశారు. మాదాపూర్ అద్దాల మేడల్లో మాత్రం లిఫ్టులు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. అలాంటి ఒక మేడ నాలుగో అంతస్తులో నేను ఎడిటర్‌ని. నా పేరు శ్రీలత, మాది జనగామ దగ్గర పల్లె. కంపెనీల కోసం చిన్న చిన్న సినిమాలు తయారుచేసే స్టూడియో మాది.

ఆ వారం నా చేతికి వచ్చింది దిబ్బలపాలెం మీద డాక్యుమెంటరీ. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న మత్స్యకారుల ఊరు. వాళ్ళ జీవితం, వాళ్ళ వారసత్వం పదిహేను నిమిషాల్లో చూపించాలి. తీయిస్తున్నది ఆ ఊళ్ళో బొగ్గుతో నడిచే కరెంటు ఫ్యాక్టరీ కట్టబోతున్న కంపెనీ. ఊరిని తీసెయ్యబోయేవాడే ఊరి అందాన్ని సినిమా తీయిస్తున్నాడు.

నిజానికి చాలా అందంగా తీశారు. తెప్పలు మొదటి కెరటాన్ని దాటే క్షణం, వల అల్లే ముసలి వేళ్ళు, ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు, గంగమ్మ పండుగలో ఆడవాళ్ళ పాటలు. రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను.

మూడో రోజు ఆ ఫుటేజీలో ఒక తునక దొరికింది. డైరెక్టర్ 'కట్' అన్నాడు గానీ కెమెరామన్ హేమంత్ కెమెరాను ఆపకుండా ఇసుక మీద పెట్టాడు. తెర మీద ఊరు పక్కకు ఒరిగి కనిపించింది. ఒక కంపెనీ జీపు వచ్చి ఆగింది. పది మంది దిగి వలలు దాచుకునే పాకను గుంజలతో సహా పీకుతున్నారు. ఒకతను వలలను రెండు చేతులా కావలించుకుని కూర్చుండిపోయాడు. అతని వీపు మీద లాఠీ పడింది. రెండోసారి పడింది. వల వదల్లేదు. అప్పుడు కెమెరా వెనక నుంచి డైరెక్టర్ గొంతు తాపీగా వినిపించింది: "కానివ్వండి. పాక పోతే వెనకాల సముద్రం ఇంకా బాగా కనబడుతుంది."

తర్వాతి తునకలో ఒక ముసలామె. పేరు ఈరమ్మ. దెబ్బలు తిన్నది ఆమె కొడుకే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు. ఊరు కదలడం గురించి ఏమంటావమ్మా అని అడిగారు.

"మా పిల్లలు బాగుండాల బాబూ. అందుకని ఊరిచ్చేత్తాం అనుకుంతన్నారేటి? పేనాలిత్తాం గానీ ఊరివ్వం."

నా వెనక నిలబడి చూస్తున్న రామ్మోహనరావు కొంచెం ముందుకు వంగాడు. ఆ కంపెనీలో ప్రచారం పనులు చూసే పెద్దమనిషి. మాట చాలా మెత్తన.

"అక్కడ ఆపండి శ్రీలత గారూ. 'మా పిల్లలు బాగుండాల' ఉంచండి. 'ఊరిచ్చేత్తాం' ఉంచండి. మిగతాది వద్దండి. చూసేవాళ్ళకి వారసత్వం కనబడాలి గానీ గొడవ కనబడకూడదు కదండీ."

"అది ఆవిడన్న మాట కాదు కదా సార్?"

"ఆవిడ నోటితో అన్నదేనండి. మనం ఒక్క అక్షరం కలిపామా?"

నేను కోశాను. రెండు మీటలు నొక్కితే అయిపోయింది. ఆంధ్రా ఊరు, ఆంధ్రా కంపెనీ, వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు అనుకున్నాను. సాయంత్రం పోయి ధర్నాలో కూర్చుని గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. ఆ రెండు పనులూ ఒకే రోజు చేసిన మనిషిని నేను.

మరునాడు పొద్దున ఎడిటింగ్ గది తుడవడానికి ఎల్లమ్మ వచ్చింది. ఆ మేడలో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ళలో పెద్దామె. పక్కనే ఉన్న రాయదుర్గం సొంతూరు. తెర మీద ఈరమ్మ ముఖం చూసి చీపురు ఆపింది.

"గీ అవ్వ ఎవరు బిడ్డా?"

చెప్పాను. వినిపించాను. "ఊరిచ్చేత్తాం" అని ఈరమ్మ అన్నది. ఎల్లమ్మ తెరకు దగ్గరగా వచ్చింది.

"ఊరిచ్చే మనిషి మొఖం గిట్లుంటదా? మల్లొకపారి పెట్టు."

పెట్టాను. ఎల్లమ్మ నా వైపు తిరిగింది. అబద్ధం చెప్పలేక కొయ్యని మాట కూడా వినిపించాను, ఒరిగిన తునక కూడా చూపించాను. ఎల్లమ్మ చీపురు పట్టుకునే చివరిదాకా చూసింది. తర్వాత అన్నది:

"మా ఊరికి గిట్లనే వచ్చిండ్రు. మా అత్త బతుకమ్మ ఆడుతుంటె ఫొటోలు తీసిండ్రు. ఊరు సల్లగుంటది, మీ పోరగాండ్లకు నౌకర్లొస్తయ్ అన్నరు. మేం వద్దన్నం. వద్దన్నది ఏ కాయితంల లేదు. ఊకున్నరు అని రాసుకున్నరు. వచ్చింది నౌకరి, సూడు." చీపురు ఎత్తి చూపించింది. "గీ సినిమ ఏడ ఏస్తరు?"

అక్టోబర్ మొదటి వారంలో, హైటెక్ సిటీలోనే ఒక పెద్ద హాల్లో, అధికారులకూ పెట్టుబడిదారులకూ. తర్వాత నవంబర్‌లో దిబ్బలపాలెంలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో, ఊరు ఒప్పుకున్నదనడానికి సాక్ష్యంగా వేస్తారని చెప్పాను.

"అయితె గా అవ్వకు చెప్పు. ఆమె మాట నువ్వు కోసినవ్, ఆమెకు తెల్వొద్దా?"

హేమంత్ దగ్గర ఊరి పెద్ద ఫోన్ నంబర్ ఉంది. నాలుగు రోజులు ఆ నంబర్ నొక్కి, మోగకముందే పెట్టేశాను. ఐదో రోజు ఎల్లమ్మ పక్కన నిలబడి చేయించింది. ఈరమ్మ లైన్లోకి వచ్చింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నువ్వేనా కోసినావు?"

"నేనే."

"మరి నాకెందుకు సెప్పినావమ్మా?"

సినిమా ఎక్కడ, ఎప్పుడు వేస్తారో చెప్పాను. "సరే, మేమొత్తాం," అని పెట్టేసింది.

వాళ్ళు రావడం మామూలు విషయం కాదు. రైళ్ళు ఏ రోజు నడుస్తాయో తెలియదు. సికింద్రాబాదులో దిగాక బస్సు లేదు, ఆటో లేదు. ఏడుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని దారి అడుక్కుంటూ మాదాపూర్ దాకా నడిచి వచ్చారు. వచ్చింది సరిగ్గా వంటావార్పు రోజు. సమ్మెలో భాగంగా నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తింటున్నాం. హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు, డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, కొందరు ఐటీ పిల్లలు. నాలుగు వందల మంది ఉంటారు. మేడల్లో పనిచేసేవాళ్ళు పొద్దున డ్యూటీ చేసి, మధ్యాహ్నాలు ఇలా సమ్మెలో కూర్చుంటున్నారు. సాంబారు వాసన, డప్పు మోత, పొగ.

ఆ గుంపు అంచున నిలబడి ఈరమ్మ అడిగింది, "బాబూ, శ్రీలతమ్మ ఎక్కడుంటాదో తెలుసా?"

ఆ యాస వినగానే చుట్టూ మాటలు ఆగాయి. డప్పు కూడా ఆగింది.

"ఆంధ్రోళ్ళా?" అన్నాడు ఎవరో.

"అవును బాబూ, ఆ పక్కోళ్ళమే."

ఈశ్వరయ్య లేచి ముందుకొచ్చాడు. పాలమూరు మనిషి, సెక్యూరిటీ గార్డు, మా కాంట్రాక్టు కార్మికుల సమ్మె కమిటీకి నాయకుడు. ఇరవై రోజులుగా సరిగా నిద్ర లేని మనిషి. "గీడికెందుకొచ్చిండ్రు? మా తెలంగాణ అడ్డుకునెతందుకా?"

నేను మధ్యలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఈశ్వరయ్య తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, మనదే మనకు నెత్తినిండ ఉన్నది. ఆంధ్రోళ్ళ లొల్లి మనకెందుకు? గీ మేడలు కట్టింది వాళ్ళు, మన భూములు మింగింది వాళ్ళు."

చాలామంది అవునన్నారు. ఎల్లమ్మ గరిట పట్టుకునే లేచింది.

"మింగిండ్రు. నేనెందుకు కాదంట? నా రెండెకరాలు మింగినోడు ఆ దిక్కోడే. ఆనికి దారి సూపిచ్చినోడెవడు? మనూరి పటేలు. ఏలుముద్ర ఏయించినోడెవడు? మన తాలూకా ఆఫీసోడు. ఈశ్వరయ్యా, గీ ముసలామె చేతులు సూడు. గీ చేతులు కట్టినయా గా మేడలు? చేపలు ఎండబెట్టుకునే మనిషి నా భూమిని మింగిందా?"

"అది కాదక్కా..."

"మరేంది? మన ఊరు పోయిన్నాడు పక్కూరోడు రాలే. వాళ్ళ లొల్లి మనకెందుకు అనుకున్నరు. గట్లనే ఒక్కొక్క ఊరు పోయింది. నాకు తెలంగాణ కావాలె. రేపు తెలంగాణల గూడ గిసొంటి సినిమ తీస్తె దాన్ని ఆపనీకి గీ తెలివి కావాలె."

 ఈరమ్మ మూట దించి నేల మీద కూర్చుంది. పది మైళ్ళు నడిచిన కాళ్ళు పగిలి ఉన్నాయి.

"గొడవ పడకండి నాయనా. మీ రాష్ట్రం మీరు తెచ్చుకోండి, మాకేటి నట్టం? మా ఊరు మాకుంటే సాలు. కూసిన్ని మంచినీళ్ళిస్తే తాగీసి ఎళ్తాం."

 ఈశ్వరయ్య తనే పోయి విస్తరాకు తెచ్చి ఆమె ముందు పరిచాడు. "నీళ్ళొక్కటే ఎట్లిస్తమమ్మా. కూసోండ్రి, బువ్వ తినుండ్రి," అన్నాడు. డప్పు మళ్ళీ మొదలైంది. ఈరమ్మ మూట విప్పి ఎండు నెత్తళ్ళు తీస్తే మా ఆడవాళ్ళు ఆ పొయ్యి మీదే వేయించారు. ఆ విస్తళ్ళ ముందే ప్రణాళిక తయారైంది. అక్కడా వాదన జరిగింది.

"సమ్మె అనుకుంట డ్యూటీకి పోవుడేంది?" అన్నారు కొందరు.

"ఆ ఒక్కపూట పోదాం," అన్నది ఎల్లమ్మ. "లోపలికి పోయినంక చేద్దాం సమ్మె."

సినిమా వేసే హాల్లో ఊడ్చేదీ, తుడిచేదీ, టీ కప్పులు తీసేదీ మా ఆడవాళ్ళే. ఆ రోజు మధ్యాహ్నం నీలం కోట్లు తొడుక్కుని పంతొమ్మిది మంది పోవాలి. ఇరవై ఆరు మంది పోయారు. దిబ్బలపాలెం ఆడవాళ్ళు ఏడుగురూ అవే కోట్లలో ఉన్నారు. చెప్పులు లేకుండా ఉన్న ఈరమ్మను చూసి సూపర్‌వైజర్ ఆగాడు.

"ఎవరీమె? ఎన్నడు చూడలే."

"మా వదినె సార్," అన్నది ఎల్లమ్మ. "నాగమణికి జరం, బదలొచ్చింది." తన చెప్పులు విప్పి ఈరమ్మ ముందుకు తోసింది.

హాలు నిండిపోయింది. నేను ఎడిటర్‌ని కాబట్టి రెండో వరసలో కూర్చోబెట్టారు. రామ్మోహనరావు మైకులో చక్కగా మాట్లాడాడు. "మన తీరప్రాంత వారసత్వాన్ని భావితరాలకు అందించే చిన్న ప్రయత్నమండి ఇది." దీపాలు ఆర్పారు. తెప్పలు కెరటం దాటాయి. వేళ్ళు వల అల్లాయి. ఆడవాళ్ళు పాడారు. చప్పట్లు. తర్వాత తెర నిండా ఈరమ్మ ముఖం.

"మా పిల్లలు బాగుండాల. ఊరిచ్చేత్తాం."

ఇంకా గట్టిగా చప్పట్లు.

అప్పుడు గోడ పక్క నుంచి ఒక ఆకారం నడిచి వచ్చి తెర ముందు నిలబడింది. ప్రొజెక్టర్ వెలుగు ఆమె మీద పడింది. నీలం కోటు విప్పి పక్కన పెట్టింది.

"బాబూ, ఆ ఈరమ్మని నానే. ఆ మాటకి తోక కోసీసినారు. మిగతాది ఇనండి. ఊరిచ్చేత్తాం అనుకుంతన్నారేటి అని అడిగినాను నాను. పేనాలిత్తాం గానీ ఊరివ్వం అన్నాను. నా కొడుకు ఈపు మీద లాఠీలిరిసిన పూట అన్నాను. అది సూపించండి."

"ఎవరండీ ఈవిడ్ని లోపలికి రానిచ్చింది?" రామ్మోహనరావు గొంతులో మెత్తదనం పోయింది. "సెక్యూరిటీ! సెక్యూరిటీ!"

తలుపుల దగ్గర ఈశ్వరయ్య, మరో ఎనిమిది మంది గార్డులు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సెక్యూరిటీ సమ్మెలున్నది సార్," అన్నాడు ఈశ్వరయ్య. "గీ నిమిషం నుంచి."

గోడల పొడుగునా ఇరవై అయిదు మంది ఆడవాళ్ళు చేతిలో ఉన్నవి కింద పెట్టారు. నేను లేచాను.  "ఆ మాట కోసింది నేనే. కొయ్యమన్నది ఈయన. కొయ్యని తునకలు నా దగ్గరున్నాయి," అన్నాను. హాల్లో ఉన్న విలేకరులు కుర్చీలు తోసుకుంటూ ఇటు పరుగెత్తారు. "ఊరివ్వం!" అన్నది ఈరమ్మ. "ఊరివ్వం!" అన్నారు ఇరవై ఆరు మంది. ఏ యాస ఎవరిదో ఆ అరుపులో తెలియలేదు.

అరగంటలో పోలీసు వ్యాన్లు వచ్చాయి. స్టేషన్‌లో అందరి పేర్లూ ఊళ్ళూ రాసుకున్నాక అక్కడి అధికారి ఎల్లమ్మను పక్కకు పిలిచాడు. తెలంగాణ వాడే.

"అక్కా, మీరు మనోళ్ళు. సమ్మెల ఉన్నోళ్ళని లోపలేస్తే రేపు నాకు మొఖం చెల్లదు. మీరంత ఇండ్లకు పోండ్రి. ఆ ఆంధ్రోళ్ళ మీద, ఆ ఎడిటర్ పిల్ల మీద కేసు రాసుకుంట."

 ఎల్లమ్మ వచ్చి ఈరమ్మ పక్కన గచ్చు మీద చతికిలబడింది.

"రాస్తె అందరి మీద రాయి సారూ. లేకుంటె అందర్ని ఇడువు. మాకు మా ఇండ్ల కంటె ఈడనే సల్లగున్నది."

పంతొమ్మిది మందిలో ఒక్కతీ లేవలేదు. అందరి మీదా రాశాడు.

నా ఉద్యోగం ఆ రోజే పోయింది. పంతొమ్మిది మందినీ కాంట్రాక్టరు తీసేశాడు. మరునాడు ఐదు మేడల్లో చీపురు కదల్లేదు. మూడు రోజులకు ఆ అద్దాల మేడల్లో బాత్రూముల తలుపు తియ్యలేక ముక్కులు మూసుకున్నారు. నాలుగో రోజు పంతొమ్మిది మందినీ తిరిగి తీసుకున్నారు. గార్డుల్లో ముగ్గురికి మాత్రం పని దొరకలేదు. వాళ్ళలో ఈశ్వరయ్య ఒకడు.

అక్టోబర్ చివరికి సమ్మె ముగిసి రైళ్ళు నడిచాయి. నవంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ రోజున హైదరాబాదు నుంచి వెళ్ళిన మేం పధ్నాలుగు మందిమి దిబ్బలపాలెంలో ఉన్నాం. ఇసుక మీద షామియానా, చుట్టూ మూడు వందల మంది పోలీసులు. వేదిక మీద జిల్లా అధికారి, పక్కన రామ్మోహనరావు, వెనక తెల్లటి తెర. పత్రికల్లో అంతా వచ్చాక కంపెనీ సినిమాను మళ్ళీ కోసుకుంది. ఈసారి ఈరమ్మ లేదు. పడవలున్నాయి, వలలున్నాయి, పండుగ ఉంది. ఊరివాళ్ళ మాట ఒక్కటి కూడా లేదు.

సినిమా మొదలైంది. ముందు వరసలో ఈరమ్మ లేచి తెరకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడింది. ఆమె కొడుకు లేచాడు. ఆ వరస లేచింది. వెనక వరస లేచింది. పన్నెండు వందల మంది ఆడా మగా వేదికకు వీపులు పెట్టి నిలబడ్డారు. సినిమా పాట తనకు తానే పాడుకుంది. అయిపోయేదాకా ఎవరూ తల తిప్పలేదు.

అధికారి మైకు అందుకున్నాడు. "ఇది స్థానికుల కోసం ఏర్పాటు చేసిన సభ. బయటివాళ్ళు ఉన్నట్టు సమాచారం ఉంది. వాళ్ళు వెంటనే వెళ్ళిపోవాలి. ఆ ఎర్ర చీర ఆవిడ, మీదే ఊరు?"

ఎల్లమ్మ వేదిక దాకా నడిచి ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. నిదానంగా మాట్లాడింది.

"మాది రాయదుర్గం సారూ. ఇప్పుడు గాడ ఊరు లేదు. పోయిన్నాడు మేం వద్దన్నం, మాతోని నిలబడనీకి ఎవరు రాలే. గందుకే నేనొచ్చిన."

మైకు ఆపేశారు. ఆమెకు మైకు అక్కర్లేకపోయింది. "ఊరివ్వరు! రాసుకో సారూ, ఊరివ్వరు!" అని అరిచింది. పన్నెండు వందల మంది ఒక్కసారి ఇటు తిరిగారు. "ఊరివ్వం!" సంతకాల పుస్తకం ఒక్క సంతకం లేకుండానే మూసుకుని అధికారి కారెక్కాడు. లాఠీలు లేచాయి. షామియానా కూలింది. ఈరమ్మనూ, ఆమె కొడుకునూ, ఎల్లమ్మనూ, ఈశ్వరయ్యనూ, నన్నూ, ఇంకా ఇరవై ఆరు మందినీ ఈడ్చి జీపుల్లో వేశారు.

జీపులు హైవే దాకా పోలేకపోయాయి. పక్క ఊరి జనం అప్పటికే వచ్చి రోడ్డుకు అడ్డంగా పడవలు పెట్టి, వాటి ముందు కూర్చున్నారు. వాళ్ళ ఊరిని కంపెనీ ఇంకా అడగనే లేదు.